మంటా వచ్చిన పొద్దున నేను పడవలో ఉన్నాను

నీళ్ల విషయంలో నన్ను ఎవరైనా తక్కువ చేస్తే నేను ఓర్చుకోలేను. చిన్నప్పటి నుంచి ఉన్న జబ్బు ఇది. తిరుమలగిరి పక్కన మా ఊళ్లో, మా గొర్ల దొడ్డి వెనకాల ఉన్న వ్యవసాయ బావిలో నేను ఈత నేర్చుకున్నాను. నడుముకు బెండ్లు కట్టుకుని కొట్టుకునే వయసు దాటాక అందరం ఈదేవాళ్లమే, అందరం గట్టు మీద నుంచి దూకేవాళ్లమే. అందులో గొప్పేమీ లేదు. అసలు గొప్ప మునకలో ఉండేది. ఒకడు మునిగితే మెట్ల మీద కూర్చున్నవాళ్లంతా గొంతెత్తి లెక్కపెట్టేవాళ్లు. ఎవడు ఎక్కువ లెక్క దాకా లోపల ఉంటే వాడే ఆ ఎండాకాలానికి మొనగాడు. వరుసగా మూడు ఎండాకాలాలు నేనే. దీనికి కిటుకు ఒక్కటే. మునిగే ముందు ఛాతీ నిండా గాలి పీల్చి, గొంతు దగ్గర తలుపు వేసినట్టు బిగించెయ్యాలి. చచ్చినా వదలకూడదు. అది నా ఒంట్లోకి ఎంతగా ఇంకిపోయిందంటే, ఇప్పటికీ పొద్దున తల మీద చెంబెడు నీళ్లు పోసుకున్నా ఊపిరి దానంతటదే ఆగిపోతుంది.

మా ఆవిడది మిర్యాలగూడ. వాళ్ల ఇల్లు సాగర్ కాలువకు దగ్గర. కాలువలో ఎవరో ఒకరు కొట్టుకుపోయారన్న కబురు వింటూ పెరిగిన పిల్ల. వాళ్లమ్మ ఆ గట్టు ఎక్కనిచ్చేది కాదు. అందుకని నీళ్లంటే ఆమెకు వణుకు. వాడపల్లిలో మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోటికి స్నానానికి వెళ్తే నేను నది మధ్యదాకా ఈది వచ్చేవాణ్ని, ఆమె చివరి మెట్టు మీద కూర్చుని చెంబుతో పోసుకునేది. బాపట్ల దగ్గర సముద్రానికి వెళ్తే పాదాలు తడిస్తే చాలనుకునేది. నలుగురు చేరిన చోటల్లా నేను ఈ సంగతి చెప్పి నవ్వించేవాణ్ని. మా ఆవిడకు కృష్ణ అయినా ఒకటే, బకెట్ అయినా ఒకటే అనేవాణ్ని. పాతికేళ్లుగా అంటూనే ఉన్నాను. ఆమె కూడా నవ్వేది. నవ్వుతోంది కదా అనుకునేవాణ్ని.

నేను కోదాడలో జువాలజీ లెక్చరర్ని. ఆమె సూర్యాపేట దవాఖానలో స్టాఫ్ నర్సు, రోజూ బస్సులో వెళ్లి వస్తుంది. మృదులాస్థి చేపల పాఠం వచ్చినప్పుడల్లా నేను బోర్డు మీద చేటలా పరుచుకుని ఉండే టేకు చేప బొమ్మ వేస్తాను. బొమ్మ బాగా వేస్తానని పేరు. ఆ జాతిలోనే మంటా అని ఒకటి ఉంది. దుప్పటంత వెడల్పు, కుట్టే ముల్లు ఉండదు, ఎవరి జోలికీ రాదు, నోరు తెరుచుకుని నీళ్లలోని నలుసుల్ని వడగట్టుకు తింటుంది. ఇరవై రెండేళ్లు దాని గురించి పిల్లలకు చెప్పాను. ఎన్నడూ చూడలేదు. ఒక పిల్లవాడు లేచి, సార్ మీరు చూసిండ్రా అని అడిగితే, సముద్రం మన కోదాడలో ఉందారా అని కసిరాను. కసిరానే గానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. రిటైరయ్యేలోగా ఒక్కసారి దాన్ని నా కళ్లతో చూడాలి. ఇంకే కోరికా నాకు అంత గట్టిగా ఉండేది కాదు.

మా పెళ్లయి పాతికేళ్లయిందని, హైదరాబాదులో ఉద్యోగం చేసే మా అమ్మాయి మాల్దీవులకు ప్రయాణం ఏర్పాటు చేసింది. ఒక చిన్న దీవి. దాని పక్కన పగడపు దిబ్బ. ఆ దిబ్బ దగ్గర ఒక బండ ఉందట. మంటాలు అక్కడికి ఒళ్లు శుభ్రం చేయించుకోవడానికి వస్తాయట, చిన్న చిన్న చేపలు వాటి ఒంటి మీది పురుగుల్ని ఏరి తింటాయట. మనుషులు వీపున గాలి సిలిండర్ కట్టుకుని, అడుగున మోకాళ్ల మీద కదలకుండా కూర్చుంటే నెత్తి మీద నుంచే పోతాయట. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ తర్వాత మా అమ్మాయి ఇంకో మాట చెప్పింది. ఈత రాకపోయినా ఫర్వాలేదు, గైడు పట్టుకుని దింపుతుంది కాబట్టి అమ్మ కూడా దిగొచ్చు అంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఈత రాకపోయినా ఫర్వాలేకపోతే ఇక ఈత వచ్చినవాడి గొప్పేమిటి? మీ అమ్మ పడవలో కూర్చుని నా చెప్పులకు కాపలా కాస్తుందిలే అన్నాను.

ఫారాలు వచ్చినప్పుడు ఆమె తన ఫారం తనే నింపి, సంతకం పెట్టి పంపింది.

గైడు తూత్తుకుడి వైపు నుంచి వచ్చిన అమ్మాయి, ముప్పై ఏళ్లుంటాయి. హిందీ, ఇంగ్లీషు కలిపి మాట్లాడేది. మా ఇద్దరికీ ఆమె ఒక్కతే గైడు. మొదటి రోజు ఒడ్డున కూర్చోబెట్టి పాఠం చెప్పింది. మొదటి సూత్రం, ఆఖరి సూత్రం ఒకటే అంది: నీళ్ల లోపల ఎప్పుడూ ఊపిరి బిగబట్టకూడదు. పీలుస్తూ, వదులుతూ ఉండాలి. బిగబట్టి పైకి లేస్తే లోపలి గాలి ఉబ్బి ఊపిరితిత్తులు చెడతాయి. ఇది నాకు చెప్పాలా? నేను ఆ అమ్మాయిని మధ్యలో ఆపేసి, ఒత్తిడికీ గాలి పరిమాణానికీ ఉన్న సంబంధం మా ఆవిడకు తెలుగులో విడమరిచి చెప్పాను. ఇసుక మీద బొమ్మ కూడా వేశాను. గైడు ఓపిగ్గా నిలబడింది.

తర్వాత ఛాతీ లోతు నీళ్లలోకి దింపి, గొట్టం నోట్లో పెట్టుకుని మోకాళ్ల మీద కూర్చోమంది. నేను ముందు మునిగాను. తల నీళ్లలోకి పోగానే గొంతు దగ్గర తలుపు పడిపోయింది. గాలి నిండిన ఛాతీ నన్ను బంతిలా పైకి తేల్చింది. మళ్లీ మునిగాను, మళ్లీ తేలాను. నా బుర్రకు అంతా తెలుసు. నా ఛాతీ మాత్రం మా ఊరి బావి దగ్గరే ఆగిపోయింది. ఎవరో పైన లెక్కపెడుతున్నట్టే బిగబట్టేది. నాలుగోసారి తేలి కళ్లు తుడుచుకుని చూస్తే మా ఆవిడ కనబడలేదు. తీరా కిందికి చూస్తే, మోకాళ్ల మీద నింపాదిగా కూర్చుని ఉంది. బుడగలు ఒకదాని వెనక ఒకటి లెక్క ప్రకారం పైకి వస్తున్నాయి.

ఆమెకు ఇందులో కొత్తేముంది? పాతికేళ్లుగా రోగుల మూతులకు మాస్కులు తగిలిస్తోంది. ఆయాసంతో కొట్టుకునేవాళ్ల పక్కన కూర్చుని పీల్చు, వదులు అని చెబుతోంది. పైగా ఏ బావిలోనూ ఎవరూ ఆమెకు ఊపిరి బిగబట్టడం నేర్పలేదు. ఇవన్నీ నాకు ఇప్పుడు తోస్తున్న మాటలు. అప్పుడైతే అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆ సాయంత్రం ఆమె నాతో చాలా మామూలుగా అంది, "పీల్చుడు గురించి ఆలోచించకు. ముందు ఊదు. ఊదితే పీల్చుడు దానంతట అదే అయితది. మా వార్డుల అందరికి గదే చెప్త."

నేను రోగిని కాదన్నాను. గొట్టంలోనే ఏదో తేడా ఉందన్నాను. రెండో రోజు గొట్టం మార్పించాను, కళ్లూ ముక్కూ కప్పే అద్దం మార్పించాను, కాళ్లకు తగిలించుకునే ప్లాస్టిక్ రెక్కలూ మార్పించాను. నన్ను మార్చేవాళ్లు లేరు గనక గైడు నా నడుముకు ఇంకో రెండు సీసం దిమ్మలు కట్టింది. ఇప్పుడు తేలడం లేదు. కానీ బిగబట్టడం, తట్టుకోలేక గుటకలు గుటకలుగా పీల్చడం, మళ్లీ బిగబట్టడం. అలా పీల్చేవాడికి సిలిండర్ ఎంతసేపు వస్తుంది?

మూడో రోజు పొద్దున పడవలో దిబ్బ దగ్గరికి వెళ్లాం. మాతోపాటు ఇటలీ నుంచి వచ్చిన ఒక పెద్దాయన, ఆయన భార్య, వాళ్లకు వేరే గైడు. ఆయన దగ్గర నీళ్లలో తీసే కెమెరా ఉంది. తాడు పట్టుకుని దిగాం. అడుగున తెల్లటి ఇసుక, ఎదురుగా గుమ్మటంలా పెద్ద పగడపు బండ, దాని చుట్టూ వేలెడంత చేపలు. గైడు మమ్మల్ని చెరో పక్కన కూర్చోబెట్టుకుంది. చూశాను, నిజంగా చూశాను, బొమ్మల్లో చూసిన చోటే అది. ఇక రావాల్సింది ఒక్కటే.

ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. గాలి ఎంత మిగిలిందో చూపించే ముల్లు ఎర్ర గీత వైపు పోతోంది. దాన్ని చూసి భయపడి ఇంకా గట్టిగా బిగబట్టాను. గైడు నా ముల్లు చూసింది, తన చేత్తో పైకి అని సైగ చేసింది. నేను తల అడ్డంగా ఊపాను. ఆమె మళ్లీ చూపింది. గైడు ఒక్కతే గనక ఒకరు లేస్తే ముగ్గురం లేవాలి. లేచాం. సగం పైకి వచ్చాక మా ఆవిడ మెడ తిప్పి కిందికి చూసింది, చూస్తూనే పైకి వచ్చింది.

ఇటలీ పెద్దాయన వాళ్లు ఇంకో ఇరవై నిమిషాలకు పైకి వచ్చారు. ఆయన మొహం వెలిగిపోతోంది. మీరు లేచిన వెంటనే ఒకటి వచ్చింది, రెండుసార్లు బండ చుట్టూ తిరిగింది అని చేతులు చాపి చెప్పాడు. నేను మా ఆవిడ వైపు తిరిగి, నీకు కనబడిందా అని అడిగాను.

"అంచు కనబడ్డది," అంది.

ఏ అంచు, ఎడమదా కుడిదా అని అడిగాను. పైన నలుపా, కింద తెలుపా? తోక చూశావా? ముందు రెండు కొమ్ముల్లాంటివి ఉంటాయి, అవి చుట్టుకుని ఉన్నాయా విప్పి ఉన్నాయా? ఆమె ఆలోచించి, పెద్దగా, నల్లగా, మెల్లగా వచ్చిందని మాత్రం చెప్పగలిగింది. అయితే అది పడవ నీడ అయి ఉంటుంది, ఆ లోతులో కొత్తవాళ్లకు అలాగే అనిపిస్తుంది అన్నాను. ఆమె, అయ్యుంటదిలే అంది. నా వల్ల ఆమె కూడా పైకి రావాల్సి వచ్చిందన్న ముక్క ఆమె అనలేదు. నేనూ అనలేదు.

అయిదో రోజు మా విమానం. విమానం ఎక్కేముందు ఒక రోజంతా నీళ్లలో దిగకూడదని నియమం. అంటే నాలుగో రోజు పొద్దుటిదే ఆఖరి మునక. ఆ పొద్దున పడవ బయల్దేరాక గైడు వచ్చి నా పక్కన కూర్చుంది. సార్, మీరూ దిగొచ్చు, కానీ మీ గాలి అయిపోతే మేడమ్ కూడా పైకి రావాలి అంది. మొహంలో వెక్కిరింత లేదు. ఉంటే బాగుండేది, కోప్పడి దిగేవాణ్ని.

నేను సిలిండర్ పట్టీ సగం తగిలించుకుని ఉన్నాను. దాన్ని విప్పేశాను. నువ్వు వెళ్లు, నా చెవి నొప్పిగా ఉంది అని మా ఆవిడతో అన్నాను. దీన్ని త్యాగం అని రాసుకుంటే ఎవరూ కాదనరు గానీ, అది త్యాగం కాదు. ఇంకోసారి ఆ ఎర్ర గీత చూసి, అందరి ముందు ఇంకోసారి తేలే ధైర్యం నాకు లేదు. ఆమె నా చెవి దగ్గరికి వంగి, నర్సులు చూసినట్టు చూసింది. ఏమీ లేదని ఆమెకు తెలిసిపోయి ఉంటుంది. అద్దం సర్దుకుని, పడవ అంచు మీద కూర్చుని, వెనక్కి వాలి నీళ్లలో పడింది. బాపట్లలో పాదాలు తడిస్తే చాలనుకున్న మనిషి.

అంత చిరాకైన ముప్పావుగంట నా జీవితంలో ఇంకొకటి లేదు. పడవ ఊగుతోంది. ఎండ మాడుస్తోంది. పడవ నడిపే ఆయన ఎండు చేప ముక్క నములుతూ నాకూ ఒకటి ఇవ్వబోయాడు. వద్దన్నాను. నీళ్ల మీద బుడగలు అయిదు చోట్ల వస్తున్నాయి. ఒక చోట మాత్రం ఒకే వరసలో, ఒకే ఎడంతో వస్తున్నాయి. అవి ఎవరివో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. నేను ఈత నేర్చుకుని నలభై ఏళ్లు. కింద పది మీటర్ల లోతులో నేను ఇరవై రెండేళ్లు బోర్డు మీద గీసిన జంతువు తిరుగుతోందేమో, నేను పైన పడవలో కూర్చుని చెప్పులకు కాపలా కాస్తున్నాను. నాకు ఏడుపొచ్చింది. ఉప్పు నీళ్లు పడ్డాయన్నట్టు మొహం తుడుచుకున్నాను.

ముందు ఆమే పైకి వచ్చింది. మెట్ల నిచ్చెన పట్టుకుని అద్దం తీసింది. మొహం మీద గుండ్రంగా అచ్చు పడింది. ఏమైనా వచ్చిందా అని అడిగాను.

"ఏం రాలే," అంది. "నీళ్లు జర మసకగున్నయ్."

అప్పుడు నాకు కలిగింది సంతోషం. దీన్ని దాచి ఏం లాభం? గుండెల మీది బండ దిగినట్టయింది. నేను చూడలేదు, ఆమె కూడా చూడలేదు, లెక్క సరిపోయింది. ఆ హుషారులో ఒడ్డుకు చేరేదాకా ఆమెకు పాఠం చెప్పాను. అలల పోటు తిరిగితే నీళ్లలో నలుసులు ఎలా చెదిరిపోతాయో, అప్పుడు మంటాలు బండ దగ్గరికి ఎందుకు రావో, ఇలాంటి రోజుల్లో దిగడమే ఎందుకు దండగో. ఆమె తువ్వాలు కప్పుకుని వింది. మధ్య మధ్య తల కూడా ఊపింది. ఇటలీ దంపతులకు తెలుగు రాదు. గైడు నా వైపు ఒకసారి, ఆమె వైపు ఒకసారి చూసి, తాడు చుట్టుకోవడంలో పడింది.

సాయంత్రం టీ దగ్గర ఇటలీ పెద్దాయన ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టాడు. మా ఆవిడ గదిలో బట్టలు సర్దుతోంది. మీ భార్య చాలా గొప్ప మనిషి అన్నాడు. వీడియోలో మా ఆవిడ ఇసుకలో మోకాళ్ల మీద కూర్చుని ఉంది. ఎడమ నుంచి ఒక మంటా వచ్చింది. వెనక ఇంకోటి, దాని వెనక ఇంకోటి. బండ చుట్టూ తిరిగి, కెమెరా ఉన్న ఆయన్ని వదిలేసి, కదలకుండా కూర్చున్న ఆమె మీదుగా పోయాయి. పొట్ట తెల్లగా, దాని మీద నల్ల మచ్చలు, అన్నీ లెక్కపెట్టుకునేంత దగ్గరగా. ఆమె తల మాత్రం ఎత్తింది. బుడగలు అదే వరసలో వస్తూనే ఉన్నాయి. అవి మళ్లీ వచ్చాయి, మళ్లీ ఆమె మీదుగానే పోయాయి. పెద్దాయన ఇంకోసారి వేస్తానన్నాడు. వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో ఆయనకు అర్థం కాలేదు.

గదికి వెళ్లి నేనేమీ అడగలేదు. అలల పోటు గురించి పడవలో నేను వాగిన వాగుడంతా గుర్తొచ్చి తల కొట్టేసినట్టయింది. కాసేపటికి నాకు నేనే ఒక సమాధానం చెప్పుకున్నాను. నేను బాధపడతానని దాచింది. జాలిపడి అబద్ధం చెప్పింది. పాతికేళ్ల కాపురం మరి. ఆ మాట పట్టుకుని కొంచెం కోలుకున్నాను. తిరుగు ప్రయాణమంతా, ఆమెను క్షమిస్తూ ఏం అనాలో వాక్యాలు కూర్చుకున్నాను. నా కోసం నీ సంతోషాన్ని దాచుకోనక్కర్లేదు అనాలి. గొంతు కొంచెం తగ్గించి అనాలి.

హైదరాబాదులో దిగి కోదాడ బస్సు ఎక్కాం. నకిరేకల్ దాటాక మొదలుపెట్టాను. వీడియో చూశానని చెప్పాను. ఆమె కిటికీ లోంచి తల తిప్పి నా వైపు చూసింది. కూర్చుకున్న వాక్యం మొత్తం గొంతు తగ్గించే అప్పజెప్పాను. నాకు బాధ కలుగుతుందని నువ్వు దాచావు, నాకు తెలుసు అన్నాను.

"నీకు బాధైతదని కాదు," అంది.

నాకు ఇంకో వాక్యం సిద్ధంగా లేదు.

ఆమె గొంతు పెంచలేదు. వార్డులో చెప్పినట్టే చెప్పింది. "మొన్న అంచు కనబడ్డదంటే ఎడమదా కుడిదా అన్నవ్. తోకేదన్నవ్. ఆఖరికి పడవ నీడ అన్నవ్. అరగంటల నేను సూసింది నాకే అనుమానమొచ్చింది. ఇగ ఇది గూడ నీ చేతుల పెడితే గంతే అయితది. గందుకే రాలే అన్న. ఒక్కటన్న నాది నాకుండనియ్యి అనుకున్న."

బస్సు సూర్యాపేట స్టాండులోకి తిరిగింది. ఆమె రోజూ ఎక్కి దిగే స్టాండు. కండక్టరు పది నిమిషాలని అరిచాడు. అవి మూడా, నాలుగా, కొమ్ములు విప్పి ఉన్నాయా అని అప్పుడు కూడా లోపల ఒక ప్రశ్న పురుగులా తొలుస్తూనే ఉంది. నా మీద నాకే అసహ్యమేసింది. ఆమె దిగి వెళ్లి రెండు టీలు తెచ్చి, ఒకటి నా చేతికిచ్చింది. నా మొహం కాసేపు చూసింది.

"అడగకుండ కూసుంటే చెప్త," అంది. "నాకు చెప్పబుద్ధైనప్పుడు."

సరేనన్నాను. బస్సు కదిలింది. మునగాల దాటింది, కోదాడ వచ్చింది, ఆమె చెప్పలేదు. నాలుగు నెలలయింది. అడగకుండానే కూర్చున్నాను.